పొయ్యి ముట్టించని ఇంటికి బియ్యం

నిజామాబాద్‌లో మా గల్లీ పేరు చెబితే ఆటోవాళ్లు ఇప్పటికీ ఒకసారి వెనక్కి తిరిగి నా మొహం చూస్తారు. "గా గల్లీల ఉంటరా అక్కా మీరు?" అని అడుగుతారు. ఉంటే ఏమైంది అని నాకు చిర్రెత్తుకొస్తుంది. జిల్లా కేంద్రమంటే కలెక్టరాఫీసూ, కొత్త కాలనీలూ తప్ప ఇంకేం లేవనుకుంటారు. ఆ సందులో ఒక వైపు తరతరాలుగా ఉన్న ముస్లింల ఇళ్లు. దర్జీలు, రేకు పెట్టెలు చేసేవాళ్లు, అత్తరు అమ్మేవాళ్లు. రెండో వైపు పసుపు యార్డును నమ్ముకుని ఊళ్ల నుంచి వచ్చిన మావంటివాళ్లు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అక్కడి నుంచి కొన్ని కుటుంబాలు వచ్చి చేరాయి. పొద్దున్నే కూరగాయల గంపల దగ్గర మరాఠీలో బేరాలు వినపడేవి. అంత ఇరుకులో ఒక ఇంటి తాలింపు పక్కింటి ముక్కుకు తగలకుండా ఉండదు.

మా బాపు ఇందల్వాయి దగ్గరి పల్లె నుంచి వచ్చి యార్డులో దడ్వాయిగా చేరాడు. పసుపు బస్తాలు తూకం వేసే పని. సాయంత్రం ఇంటికొస్తే చెవుల వెనక కూడా పసుపే. గోడకు అవతల ఖాలా వాళ్లుండేవాళ్లు. మా గల్లీలో ముస్లిం పెద్దామెలందరినీ ఖాలా అనే పిలుస్తాం గానీ, ఉత్త ఖాలా అంటే మాకు ఆమె ఒక్కతే. ఆమె భర్త ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు.

పిల్లల జ్వరాల నుంచి నల్లా నీళ్ల దాకా రెండిళ్లకూ అన్నీ కలిసే నడిచాయి. ఒక్క తిండి దగ్గరే తేడా. ఖాలా ఇంట్లో వండింది మా అవ్వ, అంటే మా అమ్మ, ముట్టదు. నన్ను ముట్టనివ్వదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ఖాలాయే అర్థం చేసుకుంది. రంజాన్ పండక్కి మాకు షీర్ ఖుర్మా వచ్చేది కాదు. సేమ్యా, పాలు, చక్కెర, ఖర్జూరాలు వేరువేరుగా పళ్లెంలో వచ్చేవి. అవ్వ వాటిని మా పొయ్యి మీద వండేది. మేం వండినవి మాత్రం దర్జాగా వాళ్లింటికి పోయేవి, ఖాలా కాదనకుండా తినేది. పెళ్లయి బోధన్‌కు పోయాక గానీ ఇందులోని అన్యాయం నాకు తోచలేదు. తోచాక కూడా అవ్వతో అనలేదు. నాకూ సిగ్గుండాలి.

ఇంకో పద్ధతి గల్లీకి రెండు వైపులా ఒక్కటే. చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి ముట్టించరు. ఇరుగుపొరుగువాళ్లే వండి పంపాలి. ఖాలా భర్త పోయినప్పుడు మొదటి పూట అన్నం, పప్పు మా ఇంటి నుంచే వెళ్లాయి.

పోయిన ఎండాకాలంలో ఒక పొద్దున ఛాయ్ తాగుతూ మా బాపు పక్కకు ఒరిగాడు. మళ్లీ లేవలేదు. నేను బోధన్ నుంచి పరుగున వచ్చాను. పొద్దు వాలకముందే దహనం అయిపోయింది. వచ్చిన చుట్టాలు రేపు సద్ది వండి తెస్తామని చెప్పి వెళ్లిపోయారు. ఒకప్పుడైతే మా వైపు ఇళ్ల నుంచి గిన్నెలు వరుస కట్టేవి. వాళ్లంతా కొత్త కాలనీలకు పోయారు. ఇప్పుడున్న కిరాయివాళ్లకు మా పద్ధతి తెలియదు, వాళ్లను తప్పు పట్టలేను. అవ్వకు షుగర్. పొద్దుటి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ లేవు, చేతులు వణుకుతున్నాయి. బలవంతాన చెంచాడు చక్కెర నోట్లో వేశాను. హోటల్‌కు ఫోన్ చేయబోతే, "సావింటికి హోటల్ కూడు తెప్పిస్తవా?" అంది. నాకు భయం పట్టుకుంది. ఒకే రోజు ఇద్దరినీ పోగొట్టుకుంటానేమో అనిపించింది.

అప్పుడు ఖాలా వచ్చింది. చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం. గడప దగ్గర దాన్ని పెట్టి, అవ్వ పక్కన కూర్చుని కాసేపు ఏడ్చి వెళ్లిపోయింది. గుడ్డ తీసి చూశాను. బియ్యం, పెసరపప్పు, చిన్న గిన్నెలో నెయ్యి.

పొయ్యి ముట్టించని ఇంటికి బియ్యం. ఆమెకు పద్ధతి తెలియక కాదు. ఇన్నేళ్లు మేం నేర్పింది ఆమె ఈ రోజు కూడా తప్పలేదు, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. అవ్వ ఆ పళ్లేన్ని నా వైపు జరిపింది.

"గది వట్టుకపో. వండియ్యుమని చెప్పు" అంది.

పళ్లెంతో వచ్చిన నన్ను చూసి ఖాలా మొహం పాలిపోయింది. తిరిగి ఇచ్చేస్తున్నాననుకుంది.

"ఏం తప్పయింది బేటీ?"

"తప్పేం లేదు ఖాలా. నిన్నే వండియ్యుమంటుంది అవ్వ."

ఆమె బియ్యం కడిగి ఖిచిడీకి ఎసరు పెట్టింది. ఉప్పు డబ్బా తీసి ఆగింది. "మీ అవ్వకు ఉప్పు ఎంతెయ్యాల్నో నాకు ఎర్క లేదు. మీ బాపు అయితే జర తక్కువనే తింటుండె" అని, నాలుక కరుచుకుంది. నేను వదల్లేదు. అడిగితే చెప్పింది. నేను చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ బాపు యార్డు నుంచి వస్తూ వస్తూ వాళ్ల వెనక దర్వాజాలోంచి పోయి, ఖాలా భర్తతో కూర్చుని తినేవాడట. అవ్వకు చెప్పొద్దని మాట తీసుకున్నాడట.

ఇంటికి వచ్చి ఖిచిడీ అవ్వ ముందు పెట్టాను. విన్నది చెప్పకూడదనుకున్నాను. అవ్వ మొదటి ముద్ద మెల్లగా నమిలి మింగింది.

"మీ బాపు గిదే తింటుండె" అంది.

"నీకు తెలుసా అవ్వా?"

"ఎందుకు తెల్వది? ఆకలైతలేదని అబద్ధమాడుతుండె. అంగి పిండుతుంటె నెయ్యి వాసన కొడుతుండె."

"మరి నువ్వెందుకు తినకపోతివి?"

"గా పట్టు నాది గాదు బిడ్డా. ఆయనింటోళ్ల పట్టు అనుకోని పట్టిన. మొగోడు తింటె తిననీ, నేను తింటె ఒప్పుకోడనుకున్న." రెండో ముద్ద చేతిలోనే ఉంది. "నన్ను ఒక్కనాడన్న రా అంటె పోకపోదునా?"

అప్పుడు ఏడ్చింది అవ్వ. బాపు పోయాక అదే మొదటిసారి.