సుగుణ కుడిచెయ్యి

1965 ఫిబ్రవరి చివరి రోజులు. మిర్యాలగూడ సర్కారు దవాఖానలో నేను స్టాఫ్ నర్సుగా ఉన్నాను. పుట్టి పెరిగింది సూర్యాపేటలో, నర్సింగు నేర్చుకున్నది ఒక మిషన్ ఆస్పత్రిలో. మా ఆడవార్డుకు ఎక్కువగా పురుళ్లు, తేలుకాట్లు, చలిజ్వరాలు వచ్చేవి. చదువుకునే పిల్లలు పరీక్షల ముందు ఎందుకు మంచాన పడతారో మాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఆ పాఠం నేను సుగుణ అనే అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను.

వాళ్లది త్రిపురారం. తండ్రి రామచంద్రయ్య అక్కడి బడిలో పంతులు. సుగుణ ఆ ఏడు హెచ్.ఎస్.సి., అంటే హైస్కూలు ముగిసేచోట రాసే బోర్డు పరీక్షకు కూర్చోవాలి. చదువు కోసం ఆయన మిర్యాలగూడలో గది కిరాయికి తీసుకుని, కూతురికి తోడుగా భార్యను ఉంచాడు. ఒక పొద్దున ఆ అమ్మాయి లేచేసరికి కుడిచెయ్యి బిగుసుకుపోయింది. వేళ్లు లోపలికి ముడుచుకుని గుప్పిటలా ఉన్నాయి. దెబ్బ తగలలేదు, జ్వరం లేదు.

మా డాక్టరుగారు గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. చిన్న రబ్బరు సుత్తితో మోచేతి దగ్గర కొట్టి రిఫ్లెక్స్ చూశారు. నరం బాగుంటే చెయ్యి తనంతట తానే కదలాలి. కదిలింది. సూదితో గుచ్చి చూస్తే మాత్రం, మణికట్టు దాకా ఏమీ తెలియడం లేదంది సుగుణ. సరిగ్గా చేతితొడుగు వేసుకున్నంత మేర. నరం చెడితే తిమ్మిరి అట్లా గీత గీసినట్టు ఒకచోట ఆగదని డాక్టరుగారు నాతో మెల్లగా అన్నారు.

"డాక్టర్ సాబ్, పరీక్షలు నెత్తి మీదికొచ్చినయి. ఏదన్న గట్టి సూది ఉంటె వెయ్యుండ్రి. ఫస్ట్‌క్లాసు తెస్తదని అందరికి చెప్పుకున్న," అన్నాడు రామచంద్రయ్య.

మరునాడు మధ్యాహ్నం నేను వార్డులో మందులు ఇస్తుండగా సుగుణ నిద్రలో ఉంది. చెంప మీద ఈగ వాలింది. ఆ బిగుసుకున్న కుడిచెయ్యే లేచి, వేళ్లు విప్పి, ఈగను తోలి, మళ్లీ పక్క మీదికి వచ్చింది. ఆ అమ్మాయి మేలుకోలేదు. ఆ సంగతి డాక్టరుగారికి చెప్పాను. "అనుకున్నాను. దీన్ని ఫంక్షనల్ అంటాం. నరం, కండ, ఎముక అన్నీ బాగుంటాయి, పని మాత్రం జరగదు. మనసులోని బరువు ఒంట్లో ఒకచోట కూర్చుంటుంది," అన్నారాయన.

ఇదే మాట తండ్రికి చెప్పినప్పుడు ఆయన ముఖం ఎర్రబడింది. "అంటె దొంగేషాలేనా?" అంటూ గబగబా మంచం దగ్గరికి పోయి, కూతురి గుప్పిట పట్టుకుని వేళ్లు విప్పబోయాడు. పిల్ల భయంతో మెలికలు తిరిగింది. నేను అడ్డం పోయి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"చెయ్యి ఇడువుండ్రి సారూ. ఇది వార్డు. ఈమె నా పేషెంటు."

"నా బిడ్డ అమ్మా."

"బయటికి పోయినంక మీ బిడ్డ. గీడ ఉన్నన్ని దినాలు నా పేషెంటు."

ఆయన వదిలేసి వరండాలోకి వెళ్లాడు. ఈ పిల్లను నాటకాలమారి అని ఎవరినీ అననివ్వకూడదని ఆ క్షణాన గట్టిగా అనుకున్నాను.

"చేతి గురించి అడగకు, మిగతావన్నీ మాట్లాడు," అని డాక్టరుగారు నాకు చెప్పారు. రోజూ వేడినీళ్ల గుడ్డతో కాపడం పెడుతూ, తల దువ్వుతూ మాట్లాడించాను. తెల్లవారకముందే లేవడం, శనివారం తండ్రి వచ్చి పాఠాలు అప్పజెప్పించుకోవడం, ఒక్క మాట తప్పితే పాఠమంతా మొదటి నుంచి చెప్పించడం, అన్నీ చెప్పింది. ఇంట్లో ఇంకెవరున్నారని ఒకరోజు అడిగాను.

"అన్న ఉండె," అంది.

"ఉండె అంటె?"

"ఉన్నడు. కోదాడల రైసుమిల్లుల పనిచేస్తడు. రెండుసార్లు పరీక్ష తప్పిండు. నాయిన నలుగురిల నిలవెట్టి, నాకు కొడుకు లేడు, ఒక్కతే బిడ్డ అన్నడు. అన్న వెళ్లిపోయిండు. ఇంట్ల పేరు గూడ ఎత్తనియ్యడు." ముడుచుకున్న గుప్పిట వైపు చూసుకుంది. "నేను పాసయితె ఆ మాట నిజమయితది సిస్టరమ్మా. ఫెయిలయితె నన్ను గూడ లేదంటడు. ఎట్ల రాయాలె?"

వెళ్లి డాక్టరుగారికి చెప్పాను. ఆయన రామచంద్రయ్యను పిలిపించి, "మాస్టారూ, మీ అబ్బాయిని తీసుకురండి. నాకు తెలిసిన మందు అదే," అన్నారు. పంతులు లేచి బయటికి పోయాడు. వరండాలో బల్ల మీద కూర్చున్న ఆయన దగ్గరికి నేను వెళ్లాను.

"పుట్టినకాడికెల్లి బడే నా బతుకు," అన్నాడు నావైపు చూడకుండా. "ఊరి పిల్లలందరికి చెప్పి, నా ఇంట్లనే తప్పిండంటె ఏ మొఖం పెట్టుకోని నడవాలె?"

"మొఖం సంగతి తర్వాత సూద్దాం సారూ. ముందు చెయ్యి సంగతి సూడుండ్రి."

ఆయనకు కోపం వచ్చింది. రెండు రోజులు దవాఖాన ఛాయలకు రాలేదు. ఇక రాడని తల్లి ఏడ్చింది. ఆయన రాకపోతే నా సెలవురోజున నేనే కోదాడ బస్సెక్కుదామని నిశ్చయించుకున్నాను. ఆ అవసరం పడలేదు. ఒక సాయంత్రం తండ్రీకొడుకులు ఒకరి వెనక ఒకరు గేటులోకి వచ్చారు. కొడుకు యాదగిరి తలనిండా తవుడు దుమ్ము. బస్సులో చెరో సీటులో కూర్చుని వచ్చారట.

యాదగిరి మంచం పక్కన నిలబడ్డాడు. "ఏందే, రాయనంటున్నవట?"

"నేను అంటలేను. చెయ్యి అంటున్నది," అంది సుగుణ. వచ్చినప్పటినుంచి ఆ పిల్ల నవ్వడం అప్పుడే చూశాను.

చెయ్యి ఆ పూటకే బాగుపడలేదు. ముందు బొటనవేలు కదిలింది, తర్వాత గ్లాసు పట్టుకుంది. పెన్సిల్ ఇస్తే మాత్రం వేళ్ల మధ్య నుంచి జారిపోయేది. రామచంద్రయ్య రోజూ ఆ వేళ్లనే చూస్తూ కూర్చునేవాడు. పరీక్షలు దగ్గరపడ్డాక ఇక ఉండబట్టలేక, "ఎట్లన్న కూసో బిడ్డా, వచ్చినంతే రాయి," అన్నాడు.

సుగుణ లేచి కూర్చుంది. తండ్రి ముఖంలోకి నేరుగా చూసింది.

"ఈ మార్చిల రాయ నాయినా. సెప్టెంబర్ల మల్ల పెడతరు గద, అప్పుడు రాస్త. అన్న గూడ నాతోని రాస్తడు. ఇద్దరికి కలిపి దరఖాస్తు పెట్టు."

"నలుగురు అడిగితె ఏం చెప్పాలె?"

"నా చెయ్యి బాగలేదని చెప్పు. నీకు కొడుకున్నడని గూడ చెప్పు."

వార్డంతా వింటోంది. పంతులు కండువాతో ముఖం తుడుచుకుని, కొడుకు వైపు తిరిగాడు. "ఇంగ్లీషు ఎవరన్న చెప్తరా కోదాడల?" అని అడిగాడు. కొడుకుతో ఆయన నేరుగా మాట్లాడింది అప్పుడే విన్నాను. "నువ్వే చెప్పాలె," అన్నాడు యాదగిరి.

సెప్టెంబరు పరీక్షల ఫలితాలు వచ్చాక రామచంద్రయ్య పనిగట్టుకుని దవాఖానకు వచ్చాడు. "బిడ్డ సెకండ్‌క్లాసు. కొడుకు ఇంగ్లీషుల మల్ల పోయిండు," అన్నాడు. రెండు మాటలూ ఒకే గొంతుతో చెప్పాడు. యాదగిరి తర్వాత పరీక్ష రాయలేదు, మిల్లులోనే మిషన్ నడిపేవాడిగా నిలదొక్కుకున్నాడు. సుగుణ ట్రైనింగు చేసి హుజూర్‌నగర్‌లో టీచరైంది. చాలాసేపు రాస్తే చెయ్యి ఇప్పటికీ మొరాయిస్తుందనీ, కాసేపు ఆగి మళ్లీ రాస్తాననీ ఒకసారి కలిసినప్పుడు చెప్పింది.

ఆ తర్వాత ఏటా మాఘమాసం దాటగానే కడుపునొప్పులతో, వాంతులతో, మూర్ఛలతో చదువుకునే పిల్లలు వస్తూనే ఉన్నారు. జ్వరం, నాడి చూస్తాను, డాక్టరు రాసిన మందు ఇస్తాను. పక్కవాళ్లను బయట కూర్చోబెట్టి, ఎంత చదివావని అడగడం మానేసి, తప్పితే మీ ఇంట్లో ఏమవుతుందని అడుగుతాను. కొందరు వెంటనే చెబుతారు. కొందరికి రెండు మూడు రోజులు పడుతుంది. చెప్పేదాకా ఆ పిల్లలను ఇంటికి పంపవద్దని డాక్టరుతో పోట్లాడుతాను.