పనసగెడ్డ నీళ్ళు

కొత్తమావాస్య జాతర దగ్గర పడిందంటే అనకాపల్లి బెల్లం మార్కెట్ రోడ్డులో ఒక తాటాకు పందిరి లేస్తుంది. కింద ఇసక పరుస్తారు. కుండలు వరసగా పెట్టి, వట్టివేళ్ళు వేసి, చుట్టూ తడిగుడ్డ చుడతారు. ఆ కుండల వెనక పీట మీద కూర్చుని, వచ్చినవాళ్ళ దోసిళ్ళలో చెంబుతో నీళ్ళు పోసే ఆవిడ పేరు సింహాచలం. ఆడమనిషికి ఆ పేరేమిటని అడక్కండి. మా వైపు ఆ స్వామి పేరు ఎవరికైనా పెట్టుకుంటాం.

మొగుడు ఆ మార్కెట్లోనే బెల్లం దిమ్మలు మోసేవాడు. అతను పోయాక ఆవిడ శ్రీరామచంద్రమూర్తిగారి కొట్లో గోనెసంచులు కుడుతూ, గోదాము ఊడుస్తూ ఉండిపోయింది. ఎండలు ముదిరితే మాత్రం సూది పక్కన పడేసి పీటెక్కుతుంది. ఇక ఆవిడ మహారాణి. ఆటో తోలేవాడైనా, కారు దిగిన ఆసామి అయినా వంగి దోసిలి పట్టాల్సిందే. గ్లాసు లేదా అని నసిగితే, "సేతుల్లేవేటి నీకు?" అని జవాబు.

ఆ చలివేంద్రానికి ఒక ఆనవాయితీ ఉంది. మూర్తిగారి తాత పెట్టింది. పోసే నీళ్ళు ఏ ఊరివో చెప్పి మరీ పోయాలి. మనం తెచ్చేవాళ్ళమేగాని ఇచ్చేది ఆ ఊరు, పుణ్యం వాళ్ళకే చెందాలి అని ఆ పెద్దాయన పట్టు. అప్పట్లో ఒక్కో ఏడు ఒక్కో ఊరి మంచినీళ్ళ బావి నుంచి ఎడ్లబండి మీద పీపాల్లో తెచ్చేవారట. అందుకే ఇప్పటికీ తాగడానికి వచ్చినవాడు దోసిలి పట్టి, "ఏ ఊరి నీళ్ళమ్మా?" అంటాడు. సింహాచలం ఊరి పేరు చెప్పి పోస్తుంది. అతను తాగి, మూతి తుడుచుకుని, "ఆ ఊరు సల్లగుండాల" అని వెళ్తాడు. ఈ మాట అనకుండా కదిలితే ఆవిడ ఊరుకోదు, వెనక్కి పిలిచి మరీ అనిపిస్తుంది.

కొన్నేళ్ళుగా చుట్టుపక్కల బావులన్నీ చెడిపోయాయి. బోరు నీళ్ళు కుండలో పోస్తే తుప్పు రంగు తేలేది. ఏం చేయాలో తోచక మూర్తిగారు తల పట్టుకుని ఉంటే, దేవీప్రసాద్ అనే ఆయన కొట్టుకొచ్చాడు. నీళ్ళ సీసాలు అమ్మే కంపెనీలో ఆఫీసరు. నవ్వుతూ, నెమ్మదిగా, పెళ్ళికి పిలవడానికి వచ్చినట్టు మాట్లాడాడు. మాడుగుల దాటాక కొండ కింద పనసగెడ్డ అని ఒక ఊరుందని, అక్కడి ఊటకి గొట్టం వేయనిస్తే పట్నంలో చలివేంద్రాలన్నింటికీ కంపెనీయే ఉచితంగా నీళ్ళు పంపుతుందని చెప్పాడు. కానీ ఊరు ఒప్పుకోవడం లేదట.

పనసగెడ్డ సింహాచలం పుట్టిన ఊరు. కొండమీంచి దిగే ఏరుని మా వైపు గెడ్డ అంటారు. ఊరికి ఆ పేరు గెడ్డ వల్లే వచ్చింది. నడివేసవిలో కూడా అందులో పాదాలు మునిగేటన్ని నీళ్ళు ఉండేవి.

"తీసుకున్న నీళ్ళకి రెండింతలు కొండకే తిరిగిచ్చేస్తామమ్మా," అన్నాడు దేవీప్రసాద్. "కొండంతా కందకాలు తవ్విస్తాం, మొక్కలు వేయిస్తాం, గెడ్డకి అడ్డుకట్టలు కట్టిస్తాం. అది మా కంపెనీ బాధ్యత."

ఆవిడ ఎగిరి గంతేసింది. వాళ్ళ కారులోనే వెళ్ళి, బడి వరండాలో ఊరినంతా కూర్చోబెట్టి, "దాహానికి అడిగితే లేదంటామేటి? మన గెడ్డ నీళ్ళు జాతరంతా తాగుతాది, మన ఊరి పేరు సెప్పుకుంటాది," అంది. దాహానికి అన్న మాట వింటే మా వాళ్ళు ఇక వెనకా ముందూ చూడరు. ఆవిడ తమ్ముడు దేముడు అందరికంటే ముందు చెయ్యెత్తాడు. అతని చెరకు తోట ఆ గెడ్డ పక్కనే ఉంది. ఆ వెనకే ఊరంతా చేతులెత్తింది.

ఆ వేసవీ, మరుసటి వేసవీ సింహాచలం ఆనందం పట్టలేకపోయింది. "మా పనసగెడ్డ నీళ్ళు బాబూ" అని పోయడం, "ఆ ఊరు సల్లగుండాల" అనిపించుకోవడం. పుట్టింటికి అంత గొప్ప సారె ఏ ఆడపడుచూ పంపి ఉండదని మురిసిపోయింది. మోకాళ్ళ నొప్పుల వల్ల ఊరికి వెళ్ళడం తగ్గింది. ఫోను చేస్తే తమ్ముడు "బాగే ఉన్నాం అప్పా" అనేవాడు. ఏటా పంపే పనసకాయ మాత్రం నిరుడు రాలేదు. పని ఒత్తిడిలో మరిచిపోయాడనుకుంది.

ఈ ఏడు శివరాత్రి వెళ్ళాక మనసుండబట్టక బయల్దేరింది. మాడుగులలో బస్సు దిగి, మరదలికి ఇష్టమని హల్వా కట్టించుకుని, ఆటో ఎక్కింది. ఇంట్లో అడుగుపెట్టగానే మరదలు శ్రీదేవి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. మూలనున్న ప్లాస్టిక్ కేను వంచి తేవడం సింహాచలం చూసింది. దాని మీద గుర్తు ఆవిడకి బాగా తెలుసు. వేసవంతా పందిరి దగ్గర దిగే కేన్ల మీది గుర్తే.

వేళాకోళానికి అలవాటు ప్రకారం అడిగింది. "ఏ ఊరి నీళ్ళే?"

శ్రీదేవి నవ్వలేదు. "మనూరియే వదినా. కొనుక్కుని తాగుతన్నాం."

గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. విన్నది తప్పేమోనని ఆవిడ మరదలి ముఖం వంక చూసింది. ఆ ముఖంలో కోపం కూడా లేదు. సింహాచలం గ్లాసు అక్కడే పెట్టేసి, మోకాళ్ళ నొప్పి మాట మరిచిపోయి, గెడ్డ వైపు పరుగులాంటి నడకతో వెళ్ళింది.

గెడ్డ లేదు. రాళ్ళున్నాయి. తను బట్టలుతికిన బండ, ఈత నేర్చుకున్న మడుగు, అన్నీ ఎండి తెల్లబడి ఉన్నాయి. మడుగులో మేక ఒకటి పడుకుని ఉంది. పైన ఊట దగ్గర చుట్టూ ఇనప కంచె, లోపల బోర్ల మోటార్ల రొద. గేటు ముందు ట్యాంకర్లు జాతర బళ్ళలా బారులు తీరి ఉన్నాయి. కాపలావాడు లేచి, లోపలికి రాకూడదు మామ్మా అన్నాడు. తన ఊరి ఊట దగ్గర, తనని! కొండ వైపు తలెత్తి చూసింది. కార్లు ఆగే చోట మాత్రం ఒక వరస కందకాలు, నాలుగు మొక్కలు, ఒక పెద్ద బోర్డు. ఆపైన కొండంతా బోడిగా ఉంది. రెండింతలు ఇస్తామన్న పెద్దమనుషులు చేసిన ఘనకార్యం అదీ. ఆవిడ అక్కడే ఒక రాతి మీద కూర్చుంది.

దేముడు తోటలోంచి వచ్చాడు. వెనక చెరకు చేతికర్ర పొడుగు కూడా లేదు, ఆకులు ఎండి గలగలమంటున్నాయి.

"ఇదేట్రా ఇది?"

"తొలి యేడు ఒక్క ట్యాంకరే వచ్చేది అప్పా. తర్వాత బోర్లు దింపేసేరు. నిలదీత్తే, సేతులెత్తి ఇచ్చింది మీరే గదా అంతన్నారు."

"నాకెందుకు సెప్పలేదు?"

దేముడు నేల వంక చూశాడు. "సెప్దామనే నిరుడు జాతరకొచ్చేను. దూరం నుంచి సూసేను నిన్ను. ఒక్కొక్కడూ తాగి మనూరు సల్లగుండాల అంటంటే, నువ్వు నవ్వుతన్నావు. సెప్పడానికి నోరు రానేదప్పా. ఎనక్కొచ్చేసేను."

సింహాచలానికి ఏడుపు కూడా రాలేదు. ఇన్నాళ్ళూ ఊరికి దీవెనలు పంపుతున్నాననుకుంది. పోసిన ప్రతి చెంబూ తమ్ముడి తోటలోంచి తోడిందే. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వంకే చూస్తూ కూర్చుంది. "వర్షాలు పడితే సరే," అన్నాడు దేముడు. "నేకపోతే ఈ యేడుతో తోట వదిలేసి, పిల్లల్ని తీసుకుని ఎటో పోవడమే."

పట్నం వచ్చి మూర్తిగారికి చెబితే ఆయన నిర్ఘాంతపోయాడు. వెంటనే దేవీప్రసాద్‌కి ఫోను చేశాడు. వర్షాలు తక్కువండి, వచ్చే ఏడు కందకాలు పూర్తి చేస్తాం, అని అదే నెమ్మది గొంతు. మూర్తిగారు ఫోను బల్ల మీద గిరాటేశాడు.

"వాళ్ళ నీళ్ళు మనకొద్దు సింహాచలం. ఈ ఏడు పంపొద్దని ఇవాళే చెప్పేస్తాను."

"జాతర రోజుల్లో జలదినోత్సవానికి కంపెనీ పెద్దాఫీసరు ఫొటోలకొత్తాడన్నారు గదా బాబూ. ఆ రోజు దాకా ఆ నీళ్ళే పొయ్యనివ్వండి. తర్వాత మీ ఇష్టం."

ఆయన సరేనన్నాడు. పందిరి వేశారు, జాతర మొదలైంది, కుండలు నిండాయి. ఆ నాలుగు రోజులూ ఆవిడ ఊరి పేరు చెప్పి పోసింది గానీ, జనం దీవిస్తుంటే తలెత్తి చూడలేకపోయింది.

జలదినోత్సవం రోజు పందిరికి కంపెనీ తోరణాలు కట్టారు. కెమెరాలు వచ్చాయి. పెద్దాఫీసరు తెల్లచొక్కా చేతులు మడుచుకుని, జనంతోపాటు వరసలో నిలబడ్డాడు. పక్కన దేవీప్రసాద్ చెవిలో ఏదో ఊదుతున్నాడు. ఈ ఆనవాయితీ సంగతే అయ్యుంటుంది. ఆయన వంగి, దోసిలి పట్టి, కెమెరా వైపు తిరిగి ముచ్చటగా అడిగాడు.

"ఏ ఊరి నీళ్ళమ్మా?"

సింహాచలం దోసిలి నిండా పోసింది. పోశాక చెప్పింది, వరస చివరి మనిషికి కూడా వినపడేలా.

"పనసగెడ్డ నీళ్ళు బాబూ. నేను పుట్టిన ఊరు. దాహానికని నేనే ఇప్పించేను. ఇప్పుడా ఊళ్ళో తాగడానికి నీళ్ళు నేవు. మీ కేన్లు కొనుక్కుంటన్నారు. గెడ్డెండిపోయింది. మా తమ్ముడు ఊరొదిలేత్తన్నాడు."

ఆయన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. తాగలేడు, పారబోయలేడు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జారి ఇసకలో పడుతున్నాయి. దేవీప్రసాద్ కెమెరా మనిషి చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు.

"పారబొయ్యకండి బాబూ," అంది సింహాచలం. "తాగండి. దాహానికొచ్చినోళ్ళకి నేను లేదనను."

ఆయన తాగాడు. ఇంకేం చేస్తాడు, జాతరంతా చూస్తోంది. తాగి, తడిచేతులు చొక్కాకి తుడుచుకుని కదలబోయాడు.

"ఆగండి. తాగినోళ్ళు ఒక మాట అనేసి ఎళ్తారు. అనెయ్యండి."

అందరికీ తెలిసిన మాటే. ఆయన నోరు తెరిచాడు. దేవీప్రసాద్ వంక చూశాడు. దేవీప్రసాద్ ఇసక వంక చూస్తున్నాడు. వరసలో వెనక నిలబడ్డ ముసలి రైతు, పట్టిన దోసిలి విడదీసి చేతులు దించేశాడు. ఆ వెనకాయన కూడా దించేశాడు.

సింహాచలం చెంబు కుండ మీద పెట్టి, పెద్దాఫీసరు ముఖంలోకి చూస్తూ, ఆ మాట కోసం అలాగే కూర్చుంది.