పెదనాన్నకి వచ్చే దగ్గు

కషాయం పెదనాన్నకి ఈ లోకంలో గిట్టనిది ఒక్కటే, దగ్గు. తన దగ్గు కాదు, ఇతరులది. అది చెవిన పడితే చాలు, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి కషాయం ఫ్లాస్కు పట్టుకుని లేచేవాడు. ఒకసారి ఎవరో పెద్దమనిషి మర్యాదకి గొంతు సవరించుకుని తలుపు తడితే, వచ్చిన పనేమిటో చెప్పనివ్వకుండా అరగ్లాసు పట్టించాడు. తాగాక ఆయన తను వచ్చిన పని మరిచిపోయి వెళ్లిపోయాడు.

పెదనాన్న వృత్తి కుట్టుమిషన్ల రిపేరు. కింద దుకాణం, పైన కాపురం. దుకాణంలో ఒక అరనిండా మరలు, సూదులు, బాబిన్లు. పక్క అరలో శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, అతిమధురం. అన్నీ ఒకే రకం డబ్బాల్లోనే. ఒకసారి ఎదురింటి దర్జీ మిషన్‌కి నూనె అనుకుని తేనె కలిపిన అడ్డసరం ఆకు రసం పోసి పంపించాడు. మిషన్ కదల్లేదు గానీ చీమలు బారులు తీరాయి. దర్జీ కొట్లాటకి వచ్చాడు. అరిచీ అరిచీ మధ్యలో కాస్త దగ్గాడు. అంతే, వెళ్లేటప్పుడు పొట్లం కట్టించుకుని మరీ వెళ్లాడు.

అలాంటి మనిషి ఇంట్లో, సాక్షాత్తూ ఆయన తమ్ముడి కూతురికి దగ్గు పట్టుకుంది.

ఆమె బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎప్పుడు బయలుదేరుతుందో చెప్పే ఉద్యోగి. నెల దాటినా దగ్గు వదల్లేదు. ఊరి పేరు చెప్పేలోపే దగ్గు వచ్చేది, జనం ఏ బస్సు ఎక్కాలో తెలియక మొహమొహాలు చూసుకునేవారు. తగ్గేదాకా మైకు వేరే అమ్మాయికి ఇస్తానని మేనేజరు చెప్పేశాడు. ఆ దిగులు ఒక ఎత్తు, లోపలి భయం ఇంకో ఎత్తు. ఇన్నాళ్లు వదలని దగ్గంటే ఛాతీలో ఏదో ఉండే ఉంటుందని ఆమె అనుమానం. ఎక్స్‌రే తీస్తే అది బయటపడుతుందేమోనని ఆసుపత్రి వైపే వెళ్లడంలేదు. ఇంట్లో ఎవరు అడిగినా తగ్గిపోతోందని దబాయించేది.

పెదనాన్న మాత్రం దండయాత్ర మొదలుపెట్టాడు. పొద్దున అడ్డసరం, మధ్యాహ్నం పిప్పళ్లు, సాయంత్రం అతిమధురం. గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చునేవాడు. తాగాక, ఏదీ ఒకసారి దగ్గు అనేవాడు. ఆమె దగ్గితే కళ్లు మూసుకుని, తల ఓ పక్కకి వంచి, కచేరీ వింటున్నట్టు వినేవాడు. ఆమెకి నవ్వొచ్చేది, ఒళ్లూ మండేది.

ఒకరోజు పొద్దున పెదనాన్నే గోడ పట్టుకుని ఇల్లెగిరిపోయేలా దగ్గుతూ కనబడ్డాడు.

"ఆసుపత్రంటే నాకు భయం తల్లీ. ఒక్కణ్ణీ వెళ్లలేను, తోడు రా."

కషాయం ఉందిగా అంటే, తన మందు తనకి పనిచెయ్యదన్నాడు. పెద్దాయన్ని కాదనలేక బయలుదేరింది. ఆటోలో ఆయన ఒక్కసారీ దగ్గలేదు. డాక్టరమ్మ గది తలుపు తెరుచుకోగానే మాత్రం వంగిపోయి దగ్గాడు. డాక్టరమ్మ ఆయన వంక చూడనైనా చూడకుండా స్టెతస్కోపు తెచ్చి తోడొచ్చిన మనిషి వీపుకి ఆనించి, వెంటనే ఎక్స్‌రేకి పంపింది.

ఫిల్ము వచ్చేదాకా ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. పక్కనే ఎవరో దగ్గుతున్నారు, ఆగకుండా దగ్గుతున్నారు. పెదనాన్న తల తిప్పలేదు. ఫ్లాస్కు ఒళ్లోనే ఉంది. అది చూశాక గానీ ఆయనకి ఎంత భయంగా ఉందో ఆమెకి అర్థం కాలేదు.

డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకేసి పట్టి చూసి, ఛాతీ శుభ్రంగా ఉందంది. పని ఎక్కడ, ఎలా అని గుచ్చి గుచ్చి అడిగితే చివరికి దొంగ దొరికాడు. మైకుకి తొడిగిన స్పాంజి. ఎన్నేళ్ల నాటిదో, దుమ్మంతా దాంట్లోనే ఉంది. రోజంతా దానికి మూతి ఆనించి మాట్లాడితే దగ్గు రాక ఏమవుతుంది? స్పాంజి మార్చమని, కొన్నాళ్లు మాత్రలు వాడమని చెప్పింది. ఆమెకి గుండెల మీంచి బండ దించినట్టయింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

మరి పెదనాన్నని చూడరా అని అడిగింది.

"ఆయన్ని చూసి చూసి విసుగెత్తింది. ఎప్పుడు దగ్గొచ్చినా ఎవరినో ఒకరిని తోడు తెచ్చుకుంటాడమ్మా. దగ్గు మాత్రం ఆ తోడొచ్చినవాళ్లకే ఉంటుంది."

ఇంటికొస్తూ ఆటోలో ఆమె అడిగింది.

"మరి ఆ కషాయాలన్నీ ఎందుకు పెదనాన్నా?"

"ఊరికే వచ్చి నీ దగ్గు వింటానంటే ఎవరు విననిస్తారే? తగ్గితే కషాయం గొప్పదంటారు. తగ్గకపోతే నాకు దగ్గొస్తుంది."

స్పాంజి మారింది, దగ్గు పోయింది, మైకు మళ్లీ ఆమె చేతికొచ్చింది. ఒకరోజు డ్యూటీకని మెట్లు దిగుతుంటే దుకాణంలో దర్జీ కూర్చుని దగ్గుతున్నాడు. ఎన్నాళ్లయినా తగ్గడంలేదట, ఆసుపత్రికి మాత్రం చస్తే వెళ్లడట. పెదనాన్న కళ్లు మూసుకుని, తల ఓ పక్కకి వంచి వింటున్నాడు. విని, ఫ్లాస్కు మూత బిగించి, మెల్లిగా ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. ఆయన దగ్గు మొదలుపెట్టేదాకా ఆమె ఆగలేదు.

"దర్జీ అన్నయ్యా, పెదనాన్నకి మళ్లీ దగ్గు తిరగబెట్టింది. నాకేమో డ్యూటీ టైమైంది. ఆసుపత్రికి ఒక్కడే వెళ్లలేడు పాపం."

పెదనాన్న ఆమె వైపు ఒక్క చూపు చూసి, దిక్కులు అదిరేలా దగ్గాడు. దర్జీ జాలిపడి ఆయన చెయ్యి పట్టుకున్నాడు, మెట్టు ఉంది జాగ్రత్త అంటూ నడిపించుకుపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆమెకి దగ్గు వినబడుతూనే ఉంది. అదంతా దర్జీదే.