స్టేజీ మెట్టుకి పెట్టిన దణ్ణం

ఆ రోజుల్లో అమెరికా గురించి నాకు తెలియనిది లేదు. (రాజమండ్రి నుంచి కాకినాడ దాకా కూడా సరిగ్గా వెళ్ళలేదనుకోండి, అది వేరే సంగతి.) డిగ్రీ ఆఖరి సంవత్సరం. కాకినాడ గవర్నమెంటు కాలేజీలో డిబేటు పోటీ పెట్టారు. 'ప్రభుత్వానికి మతం ఉండాలా?' అన్నది విషయం. మా నాన్నగారు తెలుగు మేష్టారు, మాటంటే మాటే. "మొదటి బహుమతి తెచ్చావా, విశాఖలో ఎం.ఏ. పాలిటిక్స్. లేదంటే నరసాపురంలో మీ అత్తయ్య ఇంట్లో ఉండి బీఈడీ" అనేశారు. మా అత్తయ్య మంచిదే గానీ, గుమ్మం తొక్కిన ప్రతి ఆడపిల్లకీ లేసు అల్లే సూది చేతికిచ్చి కూర్చోబెట్టేది. చచ్చినా నరసాపురం వెళ్ళనని పంతం పట్టాను. లైబ్రరీలో అమెరికా పుస్తకాలన్నీ నమిలేశాను. "అక్కడ చర్చి వేరు, ప్రభుత్వం వేరు, మధ్యలో గోడ!" అని వంటింట్లో మా అమ్మకి రోజూ ఉపన్యాసమే. "గోడ సంగతి తర్వాత, పప్పు మాడుతోంది చూడు" అనేది పాపం.

పోటీ రోజు చీటీలు తీస్తే నాకు 'ఉండకూడదు' వచ్చింది. బతికిపోయాను. 'ఉంటే తప్పేంటి' అన్నది అమలాపురం నుంచి వచ్చిన పాస్టరు గారి అమ్మాయికి పడింది. నేను అమెరికా గోడని ఊపిరి తీసుకోకుండా కట్టేసి, చప్పట్లు కొట్టించుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి మెల్లగా లేచింది. "గోడ ఉందండి, కాదనను. దానికి ఎన్ని తలుపులున్నాయో మా స్నేహితురాలు చూడలేదు. అక్కడ అధ్యక్షులు బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తారు. చట్టసభ ప్రార్థనతో మొదలవుతుంది, ఆ ప్రార్థన చేసే పాస్టరు గారికి జీతం ప్రభుత్వమే ఇస్తుంది. దేవుణ్ణి నమ్ముకున్నామని డాలరు నోటు మీదే అచ్చేసుకున్నారు. అంత దూరం ఎందుకండి, ఇందాక ఈవిడ గవర్నమెంటు వారి స్టేజీ ఎక్కుతూ మెట్టుని తాకి కళ్ళకద్దుకున్నారు!" హాలంతా గొల్లున నవ్వింది.

నిజమే. పుస్తకం కాలికి తగిలినా, స్టేజీ ఎక్కినా నా చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది. పైగా నుదుట అమ్మ పెట్టిన కోరుకొండ స్వామివారి కుంకుమ ఒకటి, సాక్ష్యానికి. సిగ్గుతో చచ్చిపోయాను. వెనక వరసలో, నాకు తోడొచ్చిన నాన్నగారు కండువాతో మొహం తుడుచుకుంటున్నారు. కళ్ళ ముందు లేసు సూది కనిపించింది. అంతే, ఎక్కడలేని మొండితనం వచ్చేసింది.

జవాబు చెప్పే వంతు రాగానే, అందరూ చూస్తుండగా, ఆ మెట్టుకే ఇంకోసారి దణ్ణం పెట్టి మైకు పట్టుకున్నాను. "ఈ దణ్ణం నాదండి. పెట్టమని మెట్టు అడగలేదు. రేపు నేను కలెక్టర్నై, దణ్ణం పెడితేనే గానీ పాస్టరు గారి అమ్మాయిని పైకి రానివ్వనంటే, అది ప్రభుత్వం పెట్టించే దణ్ణం. అది కూడదంటున్నాను. అమెరికా వాళ్ళు గోడ కట్టి తలుపులు బార్లా తీసి పెట్టుకుంటే, మూసుకోమని వాళ్ళకీ చెబుతాను!" (అమెరికాకి కాకినాడ నుంచి వెళ్ళిన మొదటి హెచ్చరిక అదే అనుకుంటా.)

మొదటి బహుమతి ఆ అమ్మాయికే ఇచ్చారు. నాకు రెండోది, స్టీలు గిన్నె. "నా మనసులో మాట నువ్వు చెప్పేశావే. చీటీలో నాకు అటు పడింది, ఏం చెయ్యను?" అని ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపాగలేదు.

తిరుగు బస్సు రాజానగరం దాటాక నాన్నగారు నా వైపు తిరిగారు. "విశాఖ హాస్టలుకి దుప్పట్లు ఎన్ని కావాలే?" అన్నారు.

"మొదటిది రాలేదు కదండీ నాన్నగారూ!"

"అంతమంది నవ్వినా మళ్ళీ అదే మెట్టుకి దణ్ణం పెట్టి వాదించావు. నిన్ను మా అక్క భరించలేదు. ముందు కోరుకొండ ఎక్కాలి, నీ నోరు తడబడకూడదని మొక్కుకున్నాను" అన్నారు. మతం వేరు, ప్రభుత్వం వేరు అని నేను అరిచిన అరుపులన్నిటికీ పూచీ స్వామివారిదన్నమాట!

ఇప్పుడు గవర్నమెంటు కాలేజీలో పాలిటిక్స్ చెబుతున్నాను. మొన్న అమెరికా పాఠం మొదలుపెడదామని క్లాసులో అరుగు మెట్టు దగ్గర అలవాటుగా వంగానో లేదో, ముందు బెంచీ పిల్ల, "మేడమ్, ఇది గవర్నమెంటు మెట్టు కదండీ?" అంది. అప్పటి నాలోని మొండిపిల్లే ఎదురొచ్చి నిలబడ్డట్టయి, పట్టలేనంత సంతోషమేసింది. "రా, పైకొచ్చి వాదించు" అన్నాను. దణ్ణం గిణ్ణం లేకుండా టకటకా ఎక్కేసింది. నేను పక్కకి జరిగి చోటిచ్చాను.