ఒకసారికి ఒక్కటే మార్చాలి

మా బాబాయి ఏదైనా సరే ఒకసారికి ఒక్కటే మారుస్తాడు. రెండోది కూడా మార్చమంటే ప్రాణం పోయినంత పని చేస్తాడు.

ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి. "ఆగిపోయిన లిఫ్టులో రెండు వైర్లు ఒకేసారి కదిపావనుకో, లిఫ్టు కదుల్తుంది. ఏ వైరు వల్ల కదిలిందో మాత్రం చచ్చేదాకా తెలీదు" అంటాడు. ఆ సూత్రం లిఫ్టుల దగ్గర ఆగితే బాగానే ఉండేది. క్షవరం, గడ్డం ఒకే రోజు చేయించుకోడు. తర్వాత జలుబు చేస్తే దేనివల్లో తేలాలి కదా! కొత్త చొక్కా వేసుకున్న రోజు పాత ప్యాంటే. నా పెళ్ళి ఫొటోల్లో ఆయన నడుం దాకా పెళ్ళిపెద్ద, నడుం కింద లిఫ్టు మెకానిక్కు. ఆఖరికి పిన్నితో గొడవపడ్డా ఇదే వరస.

"ఆలస్యంగా వచ్చినందుకు సారీ."

"మరి పాలు మర్చిపోయినందుకో?"

"అది రేపు చెప్తా. ముందు ఇది పనిచేస్తుందో లేదో చూడనీ."

మా వీధిలో మాంసం, కూరగాయలు కాల్చుకునే పెల్లెట్ గ్రిల్లు లేని పెరడు తక్కువ. చెక్కపొట్టును నొక్కి చేసిన గుళికలే పెల్లెట్లు. డబ్బాలోంచి ఒక పెద్ద స్క్రూ వాటిని నిప్పుగిన్నెలోకి తోస్తూ ఉంటుంది. లోపలి గోడకున్న సన్నటి కడ్డీ వేడెంతో కనిపెట్టి చెబితే, మిషను దాని మాట విని గుళికలు పెంచడమో తగ్గించడమో చేస్తుంది. వేడి అదుపు తప్పిందంటే చాలు, బాబాయికి కబురు. ఎవరింటికి వెళ్ళినా ఆయన మొదటి పని కడ్డీ తుడవడం. "దీనికి మసి పట్టిందా, పక్కన కొంప కాలుతున్నా దీనికి తెలీదు. పది గ్రిల్లుల్లో ఏడింటి రోగం ఇదే" అంటాడు. తుడుస్తాడు, పది నిమిషాలు చూస్తాడు, ఒక చికెన్ ముక్క తిని ఇంటికొస్తాడు.

తోడుకి నన్ను లాక్కెళ్తాడు. నేను పళ్ళ డాక్టర్ని. ఇరుకు సందుల్లో చిన్న అద్దం పెట్టి చూడటం నాకు అలవాటని ఆయన వాదన. పగలంతా నోళ్ళలోకి చూసే అద్దానికి జోడీగా గ్రిల్లుల కోసం ఇంకో అద్దం కొనాల్సి వచ్చింది.

ఇలాంటి మనిషి ఒక్క గ్రిల్లు దగ్గర మాత్రం ఏడు ఆదివారాలు తలకిందులుగా తపస్సు చేశాడు. అది మా వీధి చివర ఉండే అనౌన్సర్ గారిది.

ఆయన రైల్వేస్టేషన్లో అనౌన్సరుగా చేసి రిటైరయ్యారు. ఆ గొంతు వింటే ఆలస్యమైన రైలు మీద కూడా కోపం వచ్చేది కాదు. ఏడాది కిందట భార్య పోయాక ఆ గొంతు మూగబోయింది. పలకరిస్తే తల ఊపేవారు, తలుపు వేసుకునేవారు. ఆవిడ ముచ్చటపడి కొన్న గ్రిల్లును ఒక ఆదివారం వెలిగించబోతే పొగ వీధంతా కమ్మింది. బాబాయి పరుగెత్తాడు, వెనకాల అద్దంతో నేను.

నూట పది డిగ్రీలకు పెడితే తొంభైకి జారుతోంది, నూట నలభైకి ఎగబాకుతోంది. అద్దం పెట్టి చూశాను.

"బాబాయ్, కడ్డీకి ఇంత మందాన మసి ఉంది."

"నువ్వూరుకో. ముందు బూడిద చూద్దాం."

"ఎప్పుడూ ముందు కడ్డీయేగా?"

"నోళ్ళు తెరిపించడం నీ పని. నీ నోరు కాస్త మూసుకో."

బూడిద ఎత్తాం. అంతే, ఆ రోజుకి. "ఒకసారికి ఒక్కటే మార్చాలి. వచ్చే ఆదివారం వస్తా. ఉత్త గ్రిల్లును పరీక్షిస్తే తెలీదు, మీద చేపలో బంగాళాదుంపలో ఉండాలి" అన్నాడు బాబాయి. రెండో ఆదివారం చెమ్మగిల్లిన పెల్లెట్లు మార్చాడు. మూడోసారి డబ్బాలో గుళికలు సరిగ్గా జారుతున్నాయా అని చూశాడు. నాలుగోసారి మూత అంచు, ఐదోసారి ఫ్యాను. లోపల విడిగా పెట్టిన థర్మామీటరు చూసి అంకె చెప్పే ఉద్యోగం అనౌన్సర్ గారికి ఇచ్చాడు. మొదటి వారం ఆయన వేళ్ళు చూపించారు. రెండో వారం గొణిగారు. మూడో వారం ఉన్నట్టుండి గొంతు సవరించుకున్నారు.

"దయచేసి వినండి. గ్రిల్లు ఉష్ణోగ్రత నూట ముప్పై రెండు. మరొక్కసారి, నూట ముప్పై రెండు!"

చుట్టూ పెరళ్ళలోంచి తలలు లేచాయి. పక్కింటి టైలరైతే సంచీ వెతుక్కున్నాడట. నాలుగో వారానికి టైలరు పళ్ళెంతో వచ్చి కూర్చున్నాడు, ఐదో వారానికి బెంచీలు చాలలేదు.

"మీ బాబాయికి చేతకావడం లేదే. సోమవారం షాపు మెకానిక్కుని పిలిపిస్తాను, పది నిమిషాల పని. వీధిలో తల ఎత్తుకోలేకపోతున్నా" అంది పిన్ని. ఆరో వారం, గ్రిల్లును గాలి తగలని మూలకి జరిపి ఇంటికొస్తుంటే నేనే అడిగేశాను.

"కడ్డీ ఎందుకు తుడవవు బాబాయ్?"

"తుడిస్తే బాగైపోతుంది."

"అందుకేగా వెళ్ళేది?"

"ఆయన్ని నాలుగుసార్లు భోజనానికి పిలిచానే. రాలేదు. గ్రిల్లు చూస్తానంటేనే తలుపు తీశాడు. బాగైతే మళ్ళీ ఎందుకు తీస్తాడు?" అని చెప్పులు చూసుకుంటూ నడిచాడు. "ఇంక మార్చడానికి కడ్డీ ఒక్కటే మిగిలింది."

నేను రోజూ ఇరవై నోళ్ళు చూస్తాను గానీ, బాబాయి నోట్లోంచి ఇంత మంచిమాట వస్తుందనుకోలేదు.

ఏడో ఆదివారం తుడవక తప్పలేదు. అంకె నూట పది మీద మేకు కొట్టినట్టు నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. "నూట పది" అన్నారు అనౌన్సర్ గారు, మరొక్కసారి అనకుండానే. బాబాయి చికెన్ ముట్టలేదు. వారమంతా పిన్నికి ఒక్క సారీ కూడా చెప్పలేదు.

మళ్ళీ ఆదివారం పొద్దున్నే ఫోను మోగింది. "దయచేసి వినండి! వేడి మళ్ళీ నిలవడం లేదు!"

బాబాయి ఆ తొందరలో కొత్త చొక్కా, కొత్త ప్యాంటు రెండూ వేసుకొచ్చాడు. నేను అద్దం పెట్టి చూశాను. పళ్ళకి గార ఎన్నాళ్ళకి పడుతుందో తెలిసినదాన్ని. ఇది వారంలో పట్టే మసి కాదు. పైగా దాని మీద బొటనవేలి ముద్ర స్పష్టంగా ఉంది. అనౌన్సర్ గారు చేతులు వెనక్కి పెట్టుకుని ఆకాశం చూస్తున్నారు.

అద్దం బాబాయికిచ్చాను. ఆయన చాలాసేపు చూశాడు.

"కడ్డీ శుభ్రంగా ఉంది" అన్నాడు. "ముందు బూడిద చూద్దాం. ఒకసారికి ఒక్కటే మార్చాలి."

అనౌన్సర్ గారు నల్లటి బొటనవేలిని జేబులో దాచుకుని, వీధి చివరిదాకా వినబడేలా గొంతెత్తారు.

"దయచేసి వినండి. గ్రిల్లు బాగవడం నిరవధికంగా ఆలస్యమవుతోంది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం!"

అంత సంతోషంగా చింతించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.