కత్తి అడిగిన ఓడ వంటవాడు

నా చిన్నప్పుడు మా పేటలో తాగిన మగవాడంటే తలుపు గడియ పెట్టుకోవలసిన మనిషి. సారా దొంగచాటుగా కాచేవారు, దొంగచాటుగా తాగేవారు, దెబ్బలు మాత్రం వీధి వీధికీ వినపడేలా కొట్టేవారు. అలాంటి చోట పుట్టిన నేను ఈ వయసులో, గాజువాకలో మా అబ్బాయి ఇంట్లో, ఆదివారం మధ్యాహ్నం చేపల పళ్ళెం ముందు పెట్టుకుని గ్లాసు అడుగున కాస్త ఇటలీ ఎర్ర వైను పోసుకుంటాను. కొత్తలో మా కోడలు గాభరా పడింది. ఇప్పుడు తనే సీసా మూత తీసి పెడుతుంది. తియ్యటి రకాలు నాకు పడవు. కియాంటీ లాంటి పుల్లటివి ఇష్టం. టమాటాలో ఉడికిన చేప ముక్క నమిలాక ఒక్క గుక్క తాగితే, చింతపండు నాలుకకి తగిలినట్టు నోరూరుతుంది. ఆ తర్వాతి ముక్క మళ్ళీ మొదటి ముక్కలా కొత్తగా ఉంటుంది. వాళ్ళ పాస్తాని కూడా ఎండు రొయ్యలు, వెల్లుల్లి వేసి నా పద్ధతిలో వండుకుంటాను.

ఈ రుచి నాకు నేర్పింది ఒక ఓడ వంటవాడు. నేర్పిన రోజు మాత్రం మంచి రోజు కాదు.

మా పేట డాల్ఫిన్స్ నోస్ కొండకి దక్షిణాన, సముద్రపు ఒడ్డున ఉండేది. పక్కనే ఒక గెడ్డ పారి సముద్రంలో కలిసేది. దానికి ఇవతల మేము, అవతల దిగువపేట వాళ్ళు. వలలు వేసే చోటు కోసం రెండు పేటలకీ ఎప్పుడూ పడేది కాదు. ఒక ఏడు వచ్చిన గాలివానకి ఒక ఇటలీ సరుకుల ఓడ మా రాళ్ళ మీదకి కొట్టుకొచ్చి రెండుగా విరిగింది. మా నాన్న నడుముకి తాడు కట్టుకుని అలల్లోకి దూకాడు. ఒక మనిషిని ఒడ్డుకి లాక్కొచ్చాడు. రెండో మనిషి చెయ్యి దొరికినట్టే దొరికి జారిపోయింది. ఆ వెంటనే వచ్చిన అల అతన్ని తీసుకెళ్ళి రాతికి కొట్టింది. ఆ చప్పుడు తన చెవిలోంచి పోలేదని మా నాన్న చాలా ఏళ్ళు చెప్పేవాడు.

బతికిన మనిషి ఆ ఓడలో వంటవాడు. నెరిసిన జుట్టు, బొజ్జ, మోచేతి దగ్గర లోతైన గాయం. చెట్లు కూలి బండి దారులు మూసుకుపోయాయి కాబట్టి అతన్ని మా ఇంట్లోనే ఉంచాం. మా మామ్మ పసుపు అద్ది కట్టు కట్టేది. అతని మాట మాకు తెలియదు, మా మాట అతనికి తెలియదు.

గాలి తెరిపిచ్చిన మర్నాడు పొద్దున్నే గెడ్డ నోటి దగ్గరకి చెక్కపెట్టెలు కొట్టుకొచ్చాయి. విప్పితే గడ్డి చుట్టిన సీసాలు. ఓడ మనుషులు అన్నంతో పాటు తాగే వైను అది. మా వాళ్ళకి ఆ సంగతేం తెలుసు? సీమసారా అనుకున్నారు. సీసా మూతులు రాతికి కొట్టి, గాలివాన రోజులన్నీ పస్తులున్న కడుపుల్లోకి నీళ్ళలా వొంపుకున్నారు. కుళ్ళిన నేరేడుపళ్ళ వాసనలాంటిది ఒడ్డంతా కమ్ముకుంది. ఇంతలో అవతలి ఒడ్డు నుంచి దిగువపేట వాళ్ళు గెడ్డ దాటి వచ్చారు.

మొదట ఎవరు చెయ్యి ఎత్తారో నేను చూడలేదు. చూసేసరికి ఒకడు మా మేనమామ తల గెడ్డలో ముంచి పట్టుకున్నాడు. ఇంకొకడు పగిలిన సీసా మూతి పట్టుకుని అడ్డొచ్చిన వాళ్ళనందరినీ పొడుచుకుంటూ పోతున్నాడు. ఆడవాళ్ళు మొగుళ్ళని జుట్టు పట్టుకుని వెనక్కి లాగుతున్నారు. అడ్డం వెళ్ళిన మా అమ్మ మణికట్టు మీద బొంగు దెబ్బ పడి ఎముక చిట్లింది. అప్పుడే దిగువపేట సరంగు, అంటే వాళ్ళ పడవల పెద్ద, రెండు చేతులా తెడ్డు ఎత్తి మా చిన్నాన్న తల మీద వేశాడు. మా చిన్నాన్న కేక కూడా వెయ్యలేదు. నిలబడ్డ చోటే మోకాళ్ళ మీద కూలిపోయాడు. సరంగు మళ్ళీ కొట్టాడు.

చిన్నాన్నని వలలో వేసి, తెడ్డుకి కట్టి, భుజాల మీద మోస్తూ కొండదారిన పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. బతుకుతాడని ఎవరూ అనుకోలేదు.

మా నాన్న ఇంటికొచ్చి చూరులోంచి చేపల కత్తి తీసి రాతి మీద నూరడం మొదలుపెట్టాడు. ఒళ్ళంతా ఆ పుల్లటి వాసన. "ఆడి తలకాయ తెచ్చి ఈ గుమ్మంలో ఎడతాను. అంతదాకా నాను పచ్చి మంచినీళ్ళు ముట్టను" అన్నాడు. అమ్మ తన చిట్లిన చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. నేను మామ్మ వెనక నక్కాను. వీధిలో మా మేనత్త భర్త బల్లెం పట్టుకుని నిలబడ్డాడు. ఆయనా నాన్నా ఒకే పడవలో జతగా తెడ్డేసేవాళ్ళు.

నాన్న లేచి నిలబడేసరికి ఓడ వంటవాడు ఎదురుగా వచ్చాడు. ఒక చేతిలో, పొద్దున్న గెడ్డలో దొరికిన చేపలు. రెండో చెయ్యి చాపాడు. కత్తి ఇమ్మని సైగ.

నాన్నకి అర్థం కాలేదు. అతను చేపల్ని చూపించాడు, కడుపు కోసే సైగ చేశాడు, మళ్ళీ చెయ్యి చాపాడు. సముద్రం మీద బతికేవాడికి, చేపలు పట్టుకుని కత్తి అడిగితే ఇవ్వడం ఒంట్లో ఉన్న అలవాటు. పైగా తను ప్రాణం పోసిన మనిషి, ఇంట్లో అతిథి. నాన్న ఇచ్చేశాడు.

అతను పొయ్యి దగ్గర కూర్చుని చేపలు శుభ్రం చెయ్యడం మొదలుపెట్టాడు. అంత తాపీగా చేపలు చేసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. పొలుసు ఒక్కొక్కటే తీస్తున్నాడు.

"నా కత్తి నాకియ్యమను" అన్నాడు నాన్న.

మా మామ్మకి అప్పటికే విషయం తెలిసిపోయింది. "సేప సగం కోసి ఒగ్గేత్తాడేటిరా? కానీ. తినేసి ఎల్లు. సరంగుగాడేటి పారిపోతాడా" అంది.

వీధిలోంచి కేక. "బావా, ఎంతసేపు? నువ్వు రాకపోతే నానే ఎల్తాను."

నాన్న కత్తి వైపు చూశాడు, వీధి వైపు చూశాడు. కత్తి వంటవాడి చేతిలో ఉంది. ఆ ముసలాయన్ని తోసి లాక్కోవాలి. లాక్కోలేకపోయాడు, అరుగు మీద కూలబడ్డాడు. మేనత్త భర్త కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

వెల్లుల్లి నూనెలో వేగింది. టమాటాలు పడ్డాయి. మిగిలిన ఒక్క సీసాలోంచి అతను బాణలిలోకి కాస్త వొంపితే మా మామ్మ, "సేపకి మందు తాగిత్తన్నాడేటి ఈడు" అని గొణిగింది. ఆ ఆవిరి ఇల్లంతా నిండాక నాకు ఆకలి గుర్తొచ్చింది. నాన్నకి కూడా గుర్తొచ్చి ఉంటుంది.

పళ్ళెం పెట్టి, గ్లాసులో కొద్దిగా పోసి ఇచ్చాడు. నాన్న గటగటా తాగేశాడు. వంటవాడు గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. తను ఒక ముక్క తిని, నమిలి, మింగి, అప్పుడు ఒక్క గుక్క తాగి చూపించాడు. మళ్ళీ పోసిచ్చాడు. నాన్న ఈసారి ముక్క తిని తాగాడు. నా నోట్లోనూ ఒక ముక్క పెట్టి, వేలి కొనతో ఒక చుక్క నాలుకకి రాశాడు. పుల్లగా, వగరుగా ఉంది. భయంగా మాత్రం లేదు.

కొంత తిన్నాక అతను గ్లాసు సముద్రం వైపు ఎత్తి ఒక పేరు పలికాడు. పోయిన మనిషి పేరని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. నాన్న తన అరచెయ్యి చూసుకున్నాడు, ఏ చేతిలోంచి ఆ మనిషి జారిపోయాడో ఆ చెయ్యి. ఎంగిలి చేత్తోనే మొహం కప్పుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు ఆగేలోపే గెడ్డ అవతల నుంచి ఆడవాళ్ళ గోల వినిపించింది.

మేనత్త భర్త సరంగు కోసం వెళ్ళాడు. సరంగు దొరకలేదు. జ్వరంతో మంచం మీద పడుకున్న సరంగు తమ్ముడు దొరికాడు. పొద్దుటి కొట్లాటలో అతను లేనే లేడు. బల్లెం అతన్ని మంచానికి గుచ్చేసింది. మేనత్త భర్త జైలుకి వెళ్ళి అక్కడే పోయాడు. మా మేనత్త జుట్టు తెల్లబడేదాకా తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మి పిల్లల్ని పెంచింది. చిన్నాన్న బతికాడు గానీ ఒక కన్ను పోయింది, మాట ముద్దగా వచ్చేది. నాన్నా సరంగూ ఆ తర్వాత ఒకే జెట్టీలో పడవలు కట్టుకున్నారు. చచ్చేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. కానీ ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు.

దారులు తెరుచుకున్నాక వంటవాణ్ణి హార్బరు వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. మళ్ళీ కబురు లేదు.

మొన్నామధ్య మా అబ్బాయి ఆటోస్టాండు దగ్గర ఎవరితోనో గొడవపడి, చిరిగిన చొక్కాతో ఇంటికొచ్చి ఇనపరాడ్ కోసం వెతికాడు. నేను వద్దనలేదు. వెల్లుల్లిపాయలు చేతిలో పోసి, వొలిచిపెట్టి వెళ్ళరా అన్నాను. విసుక్కుంటూనే కూర్చున్నాడు. కోపంలో ఉన్న మనిషికి నేను బుద్ధులు చెప్పను. ముందు చేతికి పని, తర్వాత కడుపుకి తిండి. మాటలు ఆ పైన. ఆ రోజు మా అబ్బాయి అన్నం తిని, అక్కడే చాప మీద నిద్రపోయాడు.