ఎర్ర మెరుపు మీద పడదన్నాడు బాపు

నేను డిగ్రీ పాసయ్యాను, ఫిజిక్స్‌తో! మా ఇంట్లో ఇదే మొదటి డిగ్రీ. కామారెడ్డిలో ఫోన్‌లో రిజల్టు చూసుకున్నప్పటి నుంచి ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. ఎల్లారెడ్డి బస్సులో కండక్టరుకు చెప్పాను, పక్క సీటు పెద్దమ్మకు చెప్పాను. బాపుకు మాత్రం ఫోన్ చేయలేదు. ఆయన మొహం చూస్తూ చెప్పాలి.

మా ఊరి స్టేజీలో దిగేసరికి సాయంత్రమైంది. పడమటి నుంచి దుమ్ము లేచి వస్తోంది. దాని వెనక మబ్బు, దెబ్బ తగిలి కమిలిన ఒళ్లులా ఆకుపచ్చగా ఉంది. మెరుపులు ఎర్రగా మెరుస్తున్నాయి.

బడి ముందు రోడ్డు మీద ఆరబోసిన మా వడ్లను కుప్ప చేసి, టార్పాలిన్ కప్పి, అది లేచిపోకుండా దాని అంచు మీద బాపు గడ్డపార ఆనించి నిలబడ్డాడు. అమ్మ బడి వరండాలోంచి అరుస్తోంది.

“రమ్మంటే రాడు! వడ్లకన్న పానం ఎక్కువ గాదా?”

“ఎర్ర మెరుపు మీద వడదే. తెల్లగ మెరిస్తె నేనే ఉరికొస్త!”

మా దగ్గర పెద్దల లెక్క అది. ఎర్రగా మెరిస్తే పిడుగు ఎక్కడో దూరాన పడుతుందని. నేను వరండాలోకి ఉరికి గొంతు చించుకున్నాను.

“బాపూ, గా రంగు మెరుపుది గాదు, దుమ్ముది! నీలం వెలుగును దుమ్ము ఆపుతది, ఎరుపే మనదాక వస్తది. పిడుగు నెత్తి మీద వడ్డా గట్లనే కనవడతది!”

“నీ సైన్సు ఇంటికాడ చెప్పు తియ్యి!”

అంతలో రాళ్ల వాన విరుచుకుపడింది. నిమ్మకాయలంత వడగళ్లు. బడి కిటికీ అద్దాలు పగిలాయి. ఎవరి ఇంటిదో రేకు గాలికి లేచి రోడ్డు మీద పల్టీలు కొట్టింది. ఒక రాయి తగిలి బాపు నుదురు చిట్లింది. రక్తం కంట్లోకి కారుతున్నా గడ్డపార వదల్లేదు.

ఇక ఆగలేకపోయాను. “బాపూ! నేను పాసైన!”

“ఏందీ?”

“డిగ్రీ పాసైన!”

గడ్డపార కింద పడింది. బాపు రెండు చేతులూ చాపి ఉరికొచ్చాడు. వరండా మెట్టెక్కాడో లేదో, రోడ్డు అవతలి తాటిచెట్టు మీద పిడుగు పడింది. కళ్లు బైర్లు కమ్మాయి. చెట్టు నిలువునా చీలి భగ్గున మండింది. టార్పాలిన్ ఎటో కొట్టుకుపోయింది. సగం వడ్లు రోడ్డు పక్క కాలువ పాలయ్యాయి.

అమ్మ ఏడుస్తూ, తిడుతూ, కొంగుతో ఆయన నుదురు అదిమి పట్టుకుంది. బాపు మండుతున్న చెట్టునే చూస్తున్నాడు.

“మరి మొగులు ఆకుపచ్చగ ఎందుకైంది బిడ్డా?” అన్నాడు చివరికి.

“మబ్బు నిండ నీళ్లు, మంచుగడ్డలు ఉంటే దాని వెలుగు నీలంగ ఉంటది బాపు. పొద్దుగూకే ఎర్రటి ఎండ దాంట్ల కలిస్తే గట్ల పచ్చగ...”

“మొగులు ముచ్చట తర్వాత చెప్పుదువు,” అంది అమ్మ. “ముందు పాసైన ముచ్చట మల్లొక్కసారి చెప్పు. ఉరుముల్ల నాకు సరిగ్గ ఇనవడలే.”